ముసలితనానికి ఒక ఊరు కావాలి: ప్రవాసాంధ్రుల మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులు కొండపల్లి శ్రీనివాస్ గారికి,

మీ చేతిలో ఉన్న శాఖల పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ఉత్తరం మీకే ఎందుకు రాయాల్సి వచ్చిందో తేలిగ్గా తెలుస్తుంది. ప్రవాసాంధ్రుల సాధికారత, సంబంధాల శాఖ మీది. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే జనం నోట్లో నలిగిన సెర్ప్, అదీ మీదే. మొదటిది దేశం దాటిన వాళ్ల మంచిచెడ్డలు చూస్తుంది. రెండోది ఊళ్లో ఉండిపోయిన వాళ్ల డ్వాక్రా సంఘాలు, పింఛన్లు చూస్తుంది. ఈ రెంటికీ నడుమ ముసలివాళ్లను చూసుకోవడమనే పని ఎవరికీ పట్టకుండా పడి ఉంది. ఇజ్రాయెల్‌లో ఆ పని మీద తెలుగువాళ్లు ఏళ్ల తరబడి బతుకుతున్నారు. ఇటలీ, మాల్టా, సైప్రస్ పేర్లు ఇప్పుడిప్పుడే మన ఏజెంట్ల నోట వినబడుతున్నాయి. ఆ మధ్యధరా తీరపు వృద్ధులకు మనం చేతులు పంపించే దారులు వెతుకుతుంటే, పిల్లలు అమెరికాలో ఉన్న కృష్ణా డెల్టా వృద్ధులకు మంచినీళ్లు అందించే మనిషి దొరకడం లేదు. ఈ రెంటినీ వేర్వేరు ఫైళ్లలో పెట్టుకున్నంత కాలం రెండూ తెగవని నా వాదన. రెంటినీ కలిపి చూసే ప్రయత్నం ఆ డెల్టాలోని దివిసీమలో మొదలుపెట్టమని నా విన్నపం.

ముందు ఆ మధ్యధరా ఎండ సంగతి చూద్దాం. ఇంగ్లండు, జర్మనీ పింఛనుదారులు దశాబ్దాలుగా స్పెయిన్‌లోని అలికాంతె, మాలగా తీరాలకు తరలిపోతున్నారు. అమెరికాలో పాతికేళ్లు పనిచేసి యాభై దాటిన మన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లలోనూ అటువంటి లెక్కలు వేసుకునేవాళ్లు తయారయ్యారు. ప్రకటనల్లో కనబడేది ఎప్పుడూ నీలిసముద్రమూ ఎండా. ఎండే మనిషిని లాగేదైతే మే నెలలో బందరుకు ప్రపంచమంతా రావాలి. ఆ తీరాల్లో ముసలితనాన్ని నిలబెట్టేది కాగితాల మీది ఏర్పాటు. బ్రిటన్ ప్రభుత్వ పింఛను తీసుకుంటూ స్పెయిన్‌లో స్థిరపడిన మనిషికి ఎస్1 అనే పత్రం దొరుకుతుంది. దాన్ని అక్కడ నమోదు చేయించుకుంటే స్పెయిన్ ప్రభుత్వాసుపత్రిలో వైద్యం జరుగుతుంది, ఖర్చు బ్రిటన్ ఖాతాలో పడుతుంది. ఉద్యోగం చేయకుండా సొంత ఆదాయంతో బతకదలచిన విదేశీయుడికి స్పెయిన్ ప్రత్యేక వీసా ఇస్తుంది. నెలకు 2,400 యూరోల ఆదాయం చూపించమంటుంది. ఇటలీ ఇంకో అడుగు వేసింది. యువకులు వెళ్లిపోయి బోసిపోయిన దక్షిణాది చిన్న ఊళ్లలో స్థిరపడే విదేశీ పింఛనుదారులకు 2019 నుంచి, బయటి ఆదాయం మీద 7 శాతం పన్ను కడితే చాలంది. మొదట 20 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకే ఈ వెసులుబాటు. మన లెక్కలో అవి పెద్ద పంచాయతీలు. ముసలివాళ్లు వస్తే ఊరికి డబ్బు వస్తుంది, డాక్టరు వస్తాడు, మూతపడిన కొట్టు తెరుచుకుంటుంది అన్నది వాళ్ల అంచనా. అది నెరవేరినా నెరవేరకపోయినా, ముసలితనాన్ని ఊరి బాగుకు సంబంధించిన విషయంగా ఒక ప్రభుత్వం చూసిందన్నది గమనించదగ్గది.

అదే ఎండ ప్రాణాలు కూడా తీస్తుంది. 2003 వేసవిలో ఐరోపాలో వడగాడ్పులకు సుమారు 70 వేల మంది పోయారు. వాళ్లలో అత్యధికులు వృద్ధులు. ఆ దెబ్బతో ఫ్రాన్సు 2004లో ఒక చట్టం చేసింది. ఒంటరిగా ఉంటున్న వృద్ధుల, వికలాంగుల పేర్లతో పట్టణ పురపాలక కార్యాలయాలు ఒక పట్టిక ఉంచుకోవాలి, ఎండలు ముదిరినప్పుడు వాళ్లను పలకరించాలి. అయినా 2022 వేసవిలో ఐరోపాలో ఎండ వల్ల పోయినవాళ్లు 61 వేలు దాటారనీ, అందులో ఇటలీ వాటానే 18 వేలనీ పరిశోధకులు లెక్కగట్టారు. డబ్బూ ఆసుపత్రులూ ఉన్న చోట కూడా, తలుపు తట్టి ఎలా ఉన్నారని అడిగే మనిషి లేకపోతే ముసలి ప్రాణం నిలవదు. మనకు ఎండకు తోడు తుపాను, వరద. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. మొన్న 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు లంక గ్రామాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. మంచంలోంచి లేవలేని పెద్దావిడ ఏ ఇంట్లో ఉందో, మోటారు పడవ నడిపే కుర్రాడికి ముందుగా చెప్పగల పట్టిక ఏ గ్రామ సచివాలయం గోడ మీద ఉంది?

ఇక ఆ తీరాల్లో ముసలివాళ్లను ఎవరు చూస్తున్నారన్న ప్రశ్న. ఇటలీలో జనాభాలో దాదాపు నాలుగో వంతు 65 దాటినవాళ్లు. ఇంటికొచ్చి, చాలాసార్లు ఇంట్లోనే ఉండి వాళ్లను చూసుకునే మనుషుల్లో ఎక్కువమంది విదేశీ స్త్రీలు. 2023 నుంచి 2025 దాకా మూడేళ్లకు బయటి దేశాల నుంచి 4,52,000 మంది పనివాళ్లను తీసుకుంటామని ఇటలీ ప్రకటించింది. 2025లో, 80 దాటినవాళ్లను, వికలాంగులను చూసుకోవడానికి అదనంగా 10 వేల అనుమతులు పెట్టింది. ఆ దేశంతో భారత ప్రభుత్వం వలసల మీద 2023 నవంబరులో ఒప్పందం కుదుర్చుకుంది. అదే ఏడాది ఇజ్రాయెల్‌తో కుదిరిన ఒప్పందంలో 42 వేల మంది భారతీయ పనివాళ్ల ప్రస్తావన ఉంది. అందులో 34 వేలు కట్టడాల పనికి, మిగిలినవి వృద్ధుల, రోగుల సేవకు. ఆ తర్వాత అక్కడ యుద్ధం వచ్చింది. 2024 మార్చిలో లెబనాన్ సరిహద్దు దగ్గర తోటలో పనిచేస్తున్న కేరళ యువకుడు క్షిపణికి బలయ్యాడు. అయినా పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. జీతం అలాంటిది, ఇక్కడి అప్పు అలాంటిది.

ఇటలీని మెచ్చుకోవడానికి ఈ మాటలు రాయడం లేదు. 2024 జూన్‌లో రోముకు దక్షిణాన లాతినా పొలాల్లో యంత్రంలో చెయ్యి తెగిపడిన పంజాబీ కూలీని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇంటి ముందు పడేసి వెళ్లిన దేశం అది. అతను బతకలేదు. కానీ అదే దేశంలో ఇంటిపనివాళ్లకు జాతీయ స్థాయి వేతన ఒప్పందం ఒకటుంది. అందులో ఇల్లు ఊడ్చే పని ఒక మెట్టు, సొంతంగా కదలలేని వృద్ధుణ్ణి చూసుకోవడం దాని కంటే పై మెట్టు, శిక్షణ పొంది అదే పని చేయడం ఇంకా పై మెట్టు. మెట్టును బట్టి జీతం. ఇంట్లోనే ఉండి పనిచేసే మనిషికి వారానికి 54 గంటలు మించకూడదు. వారానికి 36 గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఏడాది చివర పదమూడో నెల జీతం ఇవ్వాలి. ఇంటిపనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను ఇటలీ 2013లో ఆమోదించింది. మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. అమలులో ఎన్ని కన్నాలున్నా, ముసలివాళ్లను చూసుకోవడం ఒక వృత్తి అని, దానికి నేర్పు కావాలని, నేర్పుకు ధర ఉంటుందని కాగితం మీదైనా ఒప్పుకున్నారు. మన దగ్గర అదే పని చేసే మనిషిని ఏమని పిలుస్తాం? పనిమనిషి అంటాం, ఆయా అంటాం, మర్యాద ఎక్కువైతే కేర్‌టేకర్ అంటాం. జీతం మాత్రం బేరం.

ఇప్పుడు ఇవతలి ఒడ్డు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 1.7 అని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. జనం ముసలివాళ్లవుతున్నారని ముఖ్యమంత్రిగారే పలుమార్లు అన్నారు. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తీసేసింది కూడా. మంచిదే. అయితే ఇవాళ పుట్టే బిడ్డ పాతికేళ్లకు గాని చేతికి రాదు. వచ్చాక ఊళ్లో ఉంటుందన్న హామీ అంతకన్నా లేదు. గుడివాడ, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో నాలుగైదు దశాబ్దాలుగా డాక్టర్లు, ఇంజనీర్లు వరసగా వెళ్లిపోయారు. పొలం కౌలుకిచ్చారు, అన్నదమ్ముల్లో ఒకరు హైదరాబాదు చేరారు, రెండంతస్తుల ఇంట్లో డెబ్బై దాటిన దంపతులు మిగిలారు. వాళ్లలో ఒకరు పోయాక మిగిలిన మనిషి పరిస్థితే అసలు చిక్కు. ఆరు నెలలు కూతురి దగ్గరికి డల్లాస్ వెళ్లడం, చలికి తట్టుకోలేక తిరిగి రావడం, మోకాలి ఆపరేషనుకు విజయవాడలో పదిహేను రోజులు, తర్వాత ఇంటికొస్తే స్నానం చేయించే మనిషి కోసం వేట. గ్రీన్ కార్డు తీసుకున్న తల్లిదండ్రులకు కూడా అయిదేళ్లు అక్కడ వరసగా నివసిస్తే గాని అమెరికా వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరే వీలు లేదు. అందుకని పెద్దవాళ్లను అక్కడికి తీసుకెళ్లిపోవచ్చుగా అన్న మాట, తేలిగ్గా అనగలిగిందే గాని తేలిగ్గా జరిగేది కాదు.

ఇందులో ఒక వింత కూడా ఉంది, మంత్రిగారూ. మన రాష్ట్రంలో నెల మొదటి తేదీన సచివాలయ ఉద్యోగి పేద వృద్ధురాలి తలుపు తట్టి 4,000 రూపాయలు చేతిలో పెడతాడు. డబ్బు సంగతి అలా ఉంచండి. నెలకొకసారి ప్రభుత్వం తరఫున ఒక మనిషి ఆ ఇంటి గుమ్మంలో నిలబడి ముఖం చూసి వేలిముద్ర తీసుకుంటున్నాడు. ఆవిడ బతికుందో లేదో, లేవగలుగుతుందో లేదో ఊరికి తెలుస్తోంది. పిల్లలు డాలర్లు పంపే ఇంట్లోని వృద్ధురాలికి పింఛను అర్హత ఉండదు. ఉండకపోవడం న్యాయమే. కానీ దానితోపాటు ఆ నెలవారీ పలకరింపు కూడా లేకుండా పోయింది. ఊళ్లో ఉన్నవాళ్లలో ఎవరి క్షేమం ఎవరికీ తెలియదో వెతికితే, ఎత్తైన గేటు ఉన్న ఇంట్లో మనిషే బయటపడవచ్చు. పొద్దున్నే పిల్లలు అక్కడినుంచి చేసే వీడియో కాల్‌లో తల్లి నవ్వుతూనే కనబడుతుంది. నడుముకు పుండు పడిన సంగతి ఫోను చూపించదు.

నేను అడుగుతున్నది పెద్ద పథకం కాదు. అవనిగడ్డ నియోజకవర్గంలోని ఆరు మండలాల్లో, అంటే అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాలల్లో, సచివాలయాల వారీగా ఒంటరి వృద్ధుల పట్టిక ఒకటి తయారు చేయించండి. పింఛను వచ్చేవాళ్లు, రానివాళ్లు అన్న తేడా లేకుండా అందరి పేర్లూ అందులో ఉండాలి. పిల్లల ఫోను నంబర్లు, వాడే మందులు, మంచాన ఉన్నారా, నడవగలరా అన్న వివరాలు ఉండాలి. రెండో పని, డ్వాక్రా సంఘాల్లో ఇష్టపడిన స్త్రీలకు, నర్సింగు చదివి ఖాళీగా ఉన్న అమ్మాయిలకు వృద్ధుల సంరక్షణలో ఆరు నెలల శిక్షణ. మంచంలో మనిషిని పక్కకు తిప్పడం, పుండ్లు పడకుండా చూడటం, ఇన్సులిన్ ఇవ్వడం, మతిమరుపు ముదిరిన మనిషితో విసుక్కోకుండా మాట్లాడటం, పక్షవాతం వచ్చిన గంటలో గుర్తుపట్టి 108కి ఫోను చేయడం ఇందులో నేర్పాలి. పాఠం బందరు ప్రభుత్వ వైద్య కళాశాల, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రి కలిసి చెప్పగలవు. బందరు కళాశాల 2023లోనే మొదలైంది. ఇంకా పాత అలవాట్లు పడలేదు గనుక కొత్త పని చెబితే వింటుందని ఆశ. శిక్షణ పూర్తయినవాళ్ల సంఘం డ్వాక్రా సంఘాల మండల సమాఖ్య కింద ఉంటుంది. పిల్లలు విదేశాల్లో ఉన్న కుటుంబాలు సమాఖ్యతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, నెల నెలా రుసుము కట్టి శిక్షణ పొందిన మనిషిని పెట్టుకుంటాయి. పనిగంటలు, వారానికి సెలవు, బీమా అందులో రాసి ఉంటాయి. ప్రవాసాంధ్రులను పోగుచేసి ఈ ఒప్పందాల్లో చేర్పించే పని మీ ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీది. మూడో పని, ఆ శిక్షణ తర్వాత ఏడాది అనుభవం గడించిన అమ్మాయి ఇటలీకో మాల్టాకో వెళ్లదలుచుకుంటే ఆమెకు భాష నేర్పి, ప్రభుత్వ సంస్థ ద్వారానే పంపడం. జర్మనీ ఆసుపత్రుల కోసం నర్సులకు జర్మన్ నేర్పే పని రాష్ట్రంలో ఇప్పటికే నడుస్తోంది. ఇటాలియన్ అంతకంటే కష్టమేమీ కాదు. అవనిగడ్డకు పాఠాలు చెప్పించుకునే అలవాటు బాగానే ఉంది. డీఎస్సీ కోచింగ్ కోసం రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చి గదులు అద్దెకు తీసుకునే ఊరు ఇది.

ఇక అభ్యంతరాలు. మొట్టమొదటిది అందరికీ తట్టేదే. డాలర్లు సంపాదించేవాళ్ల తల్లిదండ్రులకు ప్రభుత్వం ఎందుకు ఆయాలను వెతికిపెట్టాలి? వెతికిపెట్టనక్కర్లేదు, వాళ్లు డబ్బు కడతారు. ఆ డబ్బు ఇప్పుడు కూడా ఖర్చవుతూనే ఉంది. విజయవాడ నుంచి మనిషిని పంపే ఏజెన్సీలకు కమీషనుగా పోతోంది, వచ్చిన మనిషి రెండో నెలలో మానేస్తే మళ్లీ కొత్త కమీషను. అదే సొమ్ము కోడూరు, నాగాయలంక స్త్రీల చేతికి జీతంగా వస్తే, ఆ శిక్షణ పొందిన చేతులే అదే వీధిలో పింఛను మీద బతికే మంచాన పడ్డ మనిషికి కూడా వారానికి రెండుసార్లు అందుతాయి. కట్టగలిగినవాళ్లు కట్టే రుసుములో కొంత భాగం కట్టలేనివాళ్ల సేవకు వెళ్లేలా నిబంధన పెట్టండి. ప్రవాసులు ఊరికి ఇవ్వనివాళ్లేం కాదు. కూచిపూడిలో సిలికానాంధ్ర వాళ్లు కట్టిన సంజీవని ఆసుపత్రి కళ్లెదుట ఉంది. గుళ్లకు, బడులకు, శ్మశానాలకు కూడా ఇచ్చారు. గోడలకు, శిలాఫలకాలకు ఇచ్చినంత సులువుగా మనుషుల జీతాలకు ఇవ్వరన్నది నిజమే. ఈ ఒప్పందంలో వాళ్లు దానం చేయరు, సొంత తల్లి కోసం కొనుక్కుంటారు. కాబట్టి ఇస్తారు.

రెండో అభ్యంతరం, నేర్పితే అందరూ విదేశాలకే ఎగిరిపోతారు గదా అన్నది. కొందరు పోతారు. పోనివ్వాలి. శిక్షణకు బదులుగా అయిదేళ్లు ఇక్కడే ఉండాలని బాండు రాయించుకోవడం అన్యాయం, పైగా నిలవదు. ఫిలిప్పీన్స్ సంగతి చూడండి. సంరక్షకులకు ప్రభుత్వ ధ్రువపత్రం ఇచ్చి, ప్రపంచమంతటికీ పంపి, 2021 డిసెంబరులో వలస కార్మికుల కోసం విడిగా ఒక మంత్రిత్వ శాఖే పెట్టుకుంది. ఆ దేశంలోనూ ఆసుపత్రుల్లో నర్సుల కొరత ఉంది. వెళ్లేవాళ్లను ఆపడంతో అది తీరలేదు. ఉన్నవాళ్లకు ఇచ్చే జీతం దగ్గరే చిక్కంతా ఉంది. అదీగాక, దివిసీమలో ఈ పని నేర్చుకునేవాళ్లందరూ ఇరవై ఏళ్లవాళ్లు కారు. ముప్పై అయిదు దాటి, బడికెళ్లే పిల్లలున్న స్త్రీ, రొయ్యల చెరువుల దగ్గర షెడ్లలో రోజుకూలీకి వెళ్లే స్త్రీ మాల్టాకు పోదు. ఊళ్లోనే నెలజీతం దొరికితే అదే ఆవిడకు విదేశం. వెళ్లే అమ్మాయి విషయంలో మాత్రం ప్రభుత్వం ఒక బాధ్యత తప్పించుకోలేదు. 1983 నాటి వలస చట్టం కింద అనుమతి తప్పనిసరి అయిన దేశాల జాబితాలో కువైట్, సౌదీ వంటివి ఉన్నాయి గాని ఇటలీ, సైప్రస్, మాల్టా, ఇజ్రాయెల్ లేవు. గల్ఫుకు పోయే మనిషి ఒప్పందాన్ని ఒక అధికారి చూస్తాడు, పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా కట్టిస్తారు. సైప్రస్‌లోని లిమసోల్‌కు పోయే మనిషి కాగితాన్ని ఎవరూ చూడరు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గది 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ, అని కేంద్ర నిబంధన చెబుతుంది. ఐరోపా పేరు చెప్పగానే ఆ అంకె పక్కన లక్షలు చేరిపోతాయి. ప్రభుత్వ సంస్థ ద్వారా పంపమన్నది అందుకే.

మూడో అభ్యంతరాన్ని బయటికి ఎవరూ అనరు. నిజమైన గట్టి అడ్డంకి మాత్రం అదే. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పరాయి మనిషి చేత స్నానం చేయించుకోరు, పరాయి మనిషిని వంటింట్లోకి రానివ్వరు. పరాయి అంటే ఎవరు? ఏ ఊరమ్మాయివి, ఎవరి తాలూకు అన్న ప్రశ్న వెనక ఏ పేట అన్న ప్రశ్న ఉంటుంది. డెల్టాలో నర్సింగు చదివే అమ్మాయిల్లో దళిత కుటుంబాల నుంచి, క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఆ అమ్మాయి తెల్లకోటు వేసుకుని ఆసుపత్రిలో సెలైన్ పెడితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఇటలీలో ఒక ముసలాయనకు సూపు కాచి తినిపిస్తే మనం గర్వపడతాం. అదే అమ్మాయి తన మండలంలో, తన పక్క ఊళ్లో, పెద్ద రైతు ఇంటి వంటింటి గడప దాటగలదా? దాటలేనంత కాలం మన వృద్ధులు ఆకలితోనైనా ఉంటారు గాని పరువు తగ్గించుకోరు. ఈ విషయం సర్కారు ఉత్తర్వుతో మారదు. కానీ ఉత్తర్వు చేయగలిగింది కొంత ఉంది. మనిషిని కులం చూసి కోరుకునే వీలు ఒప్పందంలో ఉండకూడదు. సమాఖ్య ఎవరిని పంపితే వాళ్లే వస్తారు, ఇష్టం లేకపోతే రుసుము వాపసు తీసుకోవచ్చు. యూనిఫాం, గుర్తింపు కార్డు, ఆసుపత్రి ముద్ర ఉన్న మనిషిని వద్దనడం పనిమనిషిని వద్దన్నంత తేలిక కాదు. పైగా అవసరం కులం కన్నా మొండిది. అమెరికాలోని పిల్లలు డబ్బు కడుతూ, రేపటి నుంచి ఈవిడే వస్తుందమ్మా అని చెబితే, నెల రోజులు గొణిగి ఆ తర్వాత ఆ అమ్మాయి రాని రోజున గొణిగే పెద్దావిడలే ఎక్కువమంది ఉంటారని నా నమ్మకం. ఇది నమ్మకమే, రుజువు లేదు. ఆరు మండలాల్లో చేసి చూస్తే రుజువు దొరుకుతుంది.

మన డెల్టా జనం పోయేది అమెరికాకు గాని మధ్యధరాకు కాదు, ఈ గోల ఎందుకు అని మీ శాఖలోనే ఎవరైనా అనవచ్చు. ఇవాళ్టికి ఆ మాట నిజం. అయితే 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక అమెరికా దారి ఇంతకు ముందులా లేదు. ఒక దారి ఇరుకైనప్పుడు జనం ఇంకో దారి తొక్కుతారు, ఏజెంట్లు వాళ్లకంటే ముందే అక్కడ నిలబడి ఉంటారు. సంఖ్య చిన్నదిగా ఉన్నప్పుడే నిబంధనలు పెట్టుకోవడం సులువు. గల్ఫు విషయంలో ఆలస్యంగా మేలుకున్నందుకు గోదావరి జిల్లాల, కడప జిల్లా స్త్రీలు ఏం చెల్లించుకున్నారో మీ శాఖకు వచ్చిన అర్జీల్లోనే ఉంటుంది. నిజానికి ఆ సముద్రం మనకు మరీ కొత్తదేం కాదు. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కంటకోస్సిల మన ఘంటసాలే అని చరిత్రకారులు గుర్తించారు. రోము వ్యాపారంలో ఈ తీరపు సన్నబట్టలకు పేరుండేది. అప్పట్లో సరుకు పోయేది, ధర తెలిసి పోయేది.

పూర్తిగా వ్యతిరేక దిక్కు నుంచి వచ్చే వాదన ఇంకొకటుంది. డబ్బున్నవాళ్లు స్పెయిన్‌లోనో, హైదరాబాదు శివార్లలోని రిటైర్మెంటు విల్లాల్లోనో స్థిరపడతారు, వాళ్లను దివిసీమకు రప్పించాలనుకోవడం పగటికల అంటారు. కావచ్చు. రమ్మని బతిమాలనక్కర్లేదు. అందరూ తిరిగి రారు, పిల్లలు పుట్టి పెరిగిన దేశం వదలాలంటే మనసొప్పదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఓసీఐ కార్డున్నా ఇక్కడ వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. వారసత్వంగా వచ్చిందే మిగులుతుంది. అయితే ఒక్క విషయం. మతిమరుపు జబ్బు ముదిరేకొద్దీ మనిషి తర్వాత నేర్చుకున్న భాషను ముందు పోగొట్టుకుని చిన్ననాటి భాషలోకి జారుకోవడం వైద్యులు తరచూ చూసేదే. నలభై ఏళ్లు ఇంగ్లీషులో ఉద్యోగం చేసిన మనిషి ఎనభయ్యో ఏట అన్నం తింటారా అంటే తప్ప పలక్కపోవచ్చు. ఆ మాట అడగగల సంరక్షకురాలు అలికాంతెలో దొరకదు. ఎంత ఖరీదైన వీసా కొన్నా దొరకదు. ఆమె మన దగ్గర ఉంది, మనమింకా ఆమెకు పని నేర్పలేదు, అంతే.

నమూనా కోసం దూరం పోనవసరం లేదు. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా శాఖ పెట్టింది. అక్కడి అభివృద్ధి అధ్యయన కేంద్రం 1998లో మొదలుపెట్టిన వలసల సర్వే అప్పటి నుంచి పదేపదే జరుగుతోంది. ఎవరు వెళ్లారు, వెనక ఎవరు మిగిలారు అన్న లెక్క వాళ్ల దగ్గర ఉంది. పాతికేళ్లకు పైగా సాగిన అలాంటి లెక్క మనకు లేదు. మంచాన పడ్డవాళ్లను ఇంటికే వెళ్లి చూసే పాలియేటివ్ సేవ అక్కడ మలప్పురం, కోళిక్కోడ్ ప్రాంతాల్లో ఊరి వాలంటీర్లతో మొదలైంది. ఆ పునాది మీద 2008లో దేశంలో మొదటిసారిగా ఒక రాష్ట్రం పాలియేటివ్ విధానం ప్రకటించింది. మలప్పురం గల్ఫు వలసల జిల్లా అన్న సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కొడుకులు దూరంగా ఉన్న ఊరే ఆ ఏర్పాటు చేసుకుంది. మనవాళ్లకు అంత ఓపిక ఎక్కడిదంటారా? చల్లపల్లి వెళ్లి చూడండి. 2014 నుంచి డాక్టర్లు, ఉపాధ్యాయులు, రైతులు తెల్లవారకముందే లేచి వీధులు ఊడుస్తున్నారు, రోడ్ల పక్కన మొక్కలు పెంచుతున్నారు. స్వచ్ఛ చల్లపల్లి అని పేరు పెట్టుకున్నారు. వీధుల కోసం పదేళ్లు లేచినవాళ్లు మనుషుల కోసం వారానికో గంట లేవరని నేను అనుకోను. అడిగినవాళ్లే లేరు.

డబ్బు విషయంలో ఒక మాట చెప్పి ముగిస్తాను. వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010-11లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకు పది పడకల వార్డు, సామాజిక ఆరోగ్య కేంద్రంలో వృద్ధుల క్లినిక్ అందులో ఉన్నాయి. శిక్షణ ఖర్చులో కొంత భాగానికి ఆ పద్దు వాడుకోవచ్చునేమో ఆరోగ్య శాఖతో మాట్లాడండి. మిగతాది ప్రవాసుల రుసుముతో నడుస్తుందా నడవదా అన్నది ఆరు మండలాల్లో ఏడాది చూస్తే తేలిపోతుంది. నడవకపోతే ఆపేయండి, ఎవరూ తప్పుపట్టరు. పట్టిక మాత్రం ఏడాది ఆగకూడదు. దానికి బడ్జెట్టు అక్కర్లేదు, సచివాలయ ఉద్యోగులకు ఒక కాగితమూ రెండు వారాల గడువూ చాలు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం రాకముందే అది ఆరు మండలాల తహసీల్దార్ల బల్ల మీద ఉండేలా చూడండి. పాలకాయతిప్ప, సొర్లగొంది వైపు ఊళ్ల నుంచి లెక్క మొదలుపెట్టమనండి. సముద్రానికి దగ్గర అవే.

ఇట్లు,
అవనిగడ్డ నుంచి
ఒక దివిసీమ వాసి